సముద్రముమీది సాక్ష్యము

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో పౌరనీతి పాఠము చెప్పుచు, నేరము మోపబడిన ప్రతివాడును దోషము రుజువగునంతవరకు నిర్దోషిగానే యెంచబడునను వాక్యమును నల్లబల్లపై వ్రాసితిని. వెనుక బల్లమీద కూర్చున్న విద్యార్థి యొకడు లేచి నిలువబడెను. అతనిది సముద్రతీరమునందలి పల్లె. తండ్రియు పినతండ్రియు పడవలపై వేటకు పోవువారు. "మాస్టరుగారూ, ఎవరో సముద్రములో మందుసీసా పేల్చి, అందినంత ఏరుకొని పారిపోవుదురు. తరువాత ఆ దారిని వచ్చినవాడు తేలియాడు చేపలను చూచి నాలుగు గంపలు నింపుకొనును. అంతలో పోలీసు పడవ వచ్చును. చేపలున్నది వీని పడవలో. పేల్చినవాడు కనుచూపు మేరలో లేడు. వీడు నిర్దోషియని యెవరు నమ్ముదురు?" అని యడిగెను. తరగతిలో నెవరును నవ్వలేదు. నేనును వెంటనే బదులు చెప్పలేకపోతిని. పుస్తకములు చూచి చెప్పెదనంటిని. ఆ మాట చెల్లించుకొనుటకే యీ వ్యాసము.

మొదట ఈ పేలుడు వేట యెట్టిదో తెలిసికొందము. గాలి అణచిన అణగును; నీరట్లు అణగదు. కావున నీటిలో మందు పేలినపుడు పుట్టిన వత్తిడి బలము తగ్గకయే చుట్టును వ్యాపించును. చాల జాతుల చేపలకు కడుపులో గాలితిత్తి యొకటి యుండును. చేప నీటిలో మునుగక తేలక నిలుకడగా నుండుటకు అదియే యాధారము. వత్తిడి తగిలిన క్షణమున ఆ తిత్తి పగులును. లోపలి రక్తనాళములు చినుగును. ఒక్కొక్కప్పుడు వెన్నెముకయు విరుగును. పైచర్మము మాత్రము చెక్కుచెదరకయే యుండవచ్చును. బజారులో కొనువానికి తాజా చేపగానే కనబడును. కోసి చూచిన వానికి లోపలి గాయములు కనబడును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు, ముందు పనికివచ్చును.

చచ్చిన చేపలన్నియు పైకి తేలవు. గాలితిత్తి పగిలినవి పెక్కు అడుగునకు దిగిపోవును. వేటగాని చేతికి వచ్చునది కొంత, వ్యర్థమగునది కొంత. పిల్ల చేపలును, గ్రుడ్లును, వాని కాహారమగు చిన్న జీవులును ఒక్కసారిగా నశించును. ఉష్ణమండల సముద్రములలో పగడపు దిబ్బలుగల చోట కలుగు నష్టము మరింత దీర్ఘమైనది. దిబ్బ ముక్కచెక్కలై కంకరవలె పరచుకొనును. ఆ కంకర అలలకు దొర్లుచుండుటచే క్రొత్త పగడము వేరూని పెరుగజాలదు. అట్టి దిబ్బ తిరిగి కోలుకొనుటకు దశాబ్దములు పట్టును. సీసా విసరుటలో క్షణము ఆలస్యమై చేతులు పోగొట్టుకొన్నవారును గలరు.

ఇట్టి వేటకు పూనుకొనువాడు పేదవాడేగదా యని జాలిపడువారు గలరు. ఆ జాలి నాకును గలదు. అయితే అదే దిబ్బమీద గాలముతో బ్రతుకు ప్రక్క పల్లెవాడును పేదవాడే. మరునాడు వానికి చేప దొరకదు.

మన దేశమున ఈ నేరమునకు చట్టము చాల కాలము క్రిందటనే యేర్పడినది. 1897వ సంవత్సరపు ఇండియా మత్స్య చట్టములోని 4వ సెక్షను, చేపలను పట్టుటకుగాని చంపుటకుగాని నీటిలో డైనమైటు మొదలగు పేలుడు పదార్థమును ఉపయోగించుటను నేరముగా విధించెను. చెరువు, నది మాత్రమేగాక తీరమునుండి ఒక సముద్రపు లీగు, అనగా మూడు నాటికల్ మైళ్లవరకు గల సముద్రమును ఆ సెక్షనునందు చేర్చిరి. ఆనాడు విధించిన శిక్ష రెండు నెలలకు మించని ఖైదు, లేక రెండువందల రూపాయలకు మించని జుల్మానా. విషము కలిపి చేపలు పట్టుటను తరువాతి సెక్షను నిషేధించినది.

విద్యార్థి యడిగిన ప్రశ్నకు సూటియైన సమాధానము మాత్రము నాకు ఫిలిప్పీను దీవుల సుప్రీము కోర్టు తీర్పులలో దొరకినది. ఆ దేశము ఏడువేలకు పైబడిన దీవుల సముదాయము. చేప యచటి ప్రజల ముఖ్యాహారములలో నొకటి. పగడపు దిబ్బలు విస్తారము. వానితోపాటు పేలుడు వేటయు విస్తారము. 1932లోనే అచట మత్స్య చట్టము డైనమైటును నిషేధించెను. 1975లో అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ సైనికశాసన కాలమున 704వ నెంబరు డిక్రీని ప్రకటించెను. 1976లో మరియొక డిక్రీ శిక్షలను మిక్కిలి పెంచెను: పేలుడు పదార్థమును ప్రయోగించి చేపలు పట్టినవానికి ఇరువది సంవత్సరములనుండి యావజ్జీవమువరకు ఖైదు. మన 1897 చట్టపు రెండు నెలల ప్రక్కన దీనిని పెట్టి చూడుడు. శిక్ష ఇంత పెద్దదైనపుడు, రుజువు ఎట్లు జరుగవలెనను ప్రశ్న యంతకంతకు బరువెక్కును.

సముద్రముమీద రుజువు సంపాదించుట భూమిమీదవలె సులభము కాదు. ఇంటిలో దొంగతనము జరిగిన గోడకు కన్నముండును, మట్టిలో అడుగుజాడ లుండును. నీటిలో పేలిన మందునకు జాడ యేది? నురుగు నిమిషములో పోవును. మిగిలిన మందును నీటిలో విడిచిన చాలును. పడవకు మర యున్నది; వారంటు తెచ్చులోపల వేరొక దీవి చాటునకు పోగలదు. ఈ చిక్కువలన చట్టము ప్రభుత్వపక్షమునకు రెండు ఊతకోలల నిచ్చినది. ఒకటి, వారంటు లేకయే పడవను సోదా చేయు నధికారము. రెండవది, పడవలో కనుగొనిన వస్తువునుబట్టి నేరమును ఊహించు నధికారము. ఈ రెండును కోర్టులో సవాలు చేయబడినవి. రెండు వ్యాజ్యములును పలావాన్ అను పొడవాటి దీవిచుట్టు జరిగినవే.

మొదటిది టోనీ లెక్స్ అను పేరుగల రెండు మరపడవల కథ. వీనిలో నొకదానిని అంతకు పూర్వమే అధికారులు పట్టుకొనగా, 1964లో మనీలా కోర్టు ఉత్తరువుచే యజమానులు దానిని విడిపించుకొనియుండిరి. 1965 జూలైలో మత్స్యశాఖ కమిషనరు వీనిని పట్టుకొనవలసినదని నౌకాదళమును కోరెను. ఆగస్టు మొదటివారమున నౌకాదళమువారు రెండింటిని పట్టుకొనిరి. పడవలలో డైనమైటు కడ్డీలును, డైనమైటుతో పట్టిన చేపలును దొరకినవి. పలావాన్‌లో క్రిమినలు కేసు దాఖలయ్యెను. పడవలను నౌకాదళము స్వాధీనమున నుంచవలసినదని అచటి కోర్టు ఉత్తరువు చేసెను.

యజమానులైన కంపెనీవారు పలావాన్ కోర్టులో వాదింపక, మనీలాలో వేరొక సివిలు దావా వేసిరి. వారంటు లేకుండ పట్టుకొన్నారు గావున ఈ స్వాధీనము రాజ్యాంగవిరుద్ధమని వారి వాదము. అక్టోబరులో మనీలా జడ్జి పడవలను విడువవలసినదని ఆజ్ఞ నిచ్చెను. కమిషనరు సుప్రీము కోర్టునకు పోయెను. తీర్పు వచ్చుటకు పది సంవత్సరములు పట్టెను. 1975 జూలై 25వ తేదీన జస్టిస్ మకాసియార్ దానిని వ్రాసెను.

ఆ తీర్పులో ముఖ్యాంశములు రెండు. ఒక కోర్టు స్వాధీనమునందున్న వస్తువును దానితో సమానమైన వేరొక కోర్టు విడిపింపజాలదనునది మొదటిది. ఇది వకీళ్లకు కావలసిన విషయము. మన మిచట నిలువ నక్కరలేదు. మనకు కావలసినది రెండవది. ఇల్లు కదలదు, దానిని సోదా చేయుటకు ముందు మేజిస్ట్రేటువద్దకు పోయి వారంటు తెచ్చుకొనుటకు వ్యవధి యుండును. పడవ కదలును. వారంటుకై పోయివచ్చులోపల అది ఆ కోర్టు హద్దు దాటిపోవును. అందుచేత సుంకముల చట్టమును తప్పించుకొను ఓడలను వారంటు లేకయే పట్టుకొనుట పూర్వమునుండి సమ్మతింపబడినది. మత్స్య చట్టమును ఉల్లంఘించు పడవలకును అదే న్యాయము వర్తించునని కోర్టు తీర్మానించెను. అదిగాక, పడవలోనివారు నేరము చేయుచుండగనే పట్టుబడిరి గనుక, న్యాయమైన అరెస్టుతో కూడిన సోదాకు వారంటు అవసరము లేదనియు చెప్పెను. 1925లో అమెరికా సుప్రీము కోర్టు సారా రవాణాచేయు మోటారు బండ్ల విషయమున ఇట్టి తర్కమునే చేసియుండెను. బండియైనను పడవయైనను, నిలువని వస్తువును నిలిపియుంచుటకు కాగితము చాలదు గదా.

ఈ తీర్పు న్యాయమైనదే యని నా యభిప్రాయము. డైనమైటు కడ్డీలు కంటికి కనబడుచుండగా, కాగితము లేదను కారణమున పడవను సాగనంపుట చట్టమును గౌరవించుట కాదు. అయినను విద్యార్థి ప్రశ్నకు ఇది సమాధానము కాదు. పట్టుకొనుట వేరు, శిక్షించుట వేరు. అతని ప్రశ్న రెండవ ఊతకోలను గూర్చినది.

704వ డిక్రీలోని 33వ సెక్షను నియమమును నా మాటలలో చెప్పుచున్నాను. ఏ వేటపడవలోనైనను, జాలరి వశమునందైనను డైనమైటుగాని, ఇతర పేలుడు పదార్థముగాని, విషముగాని దొరకినయెడల, దానిని వేటకే ఉపయోగించినారని ఊహింపవలెను. అంతేకాదు. పేలుడువలన గాని, విషమువలన గాని పట్టిన చేపలు పడవలో దొరకినయెడల, ఆ పడవ యజమానియు, నడుపువాడును, జాలరియు ఆ పద్ధతిచేతనే వేటాడినారని ఊహింపవలెను. చూచితిరా, పేలుడును విషమును ఒక్క వాక్యమున కట్టిరి. మన విద్యార్థి చెప్పిన నాలుగు గంపల మనుష్యుడు సరిగా ఈ వాక్యములోనికే వచ్చిపడును.

ఇది న్యాయమేనా? నేరము రుజువు చేయు భారము ప్రభుత్వముదని పాఠము చెప్పి, మరల చేపలు దొరకిన చాలును నేరస్థుడవే యనుట ఎట్లు పొసగును? సరిగా ఈ ప్రశ్ననే రాబిన్సన్ అను పడవలోనివారు కోర్టులో లేవదీసిరి. ఆ కథ కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. చిన్న చిన్న సంగతులలోనే దాని బలమంతయు నున్నది.

1992 సెప్టెంబరులో పలావాన్ దీవి ముఖ్యనగరమైన ప్యుయెర్టో ప్రిన్సెసా తీరమున అక్రమపు వేట జరుగుచున్నదని సముద్రపు పోలీసులకు కబురులు వచ్చెను. నగరపు మేయరు వారికి తోడుగా సముద్రపు కాపలాదళము నేర్పరచెను. ఆ నెల 30వ తేదీ మధ్యాహ్నము రెండు గంటలకు, ఒక పెద్ద పడవయు కొన్ని చిన్న పడవలును తీరము దగ్గర వేటాడుచున్నవని దళమువారు తెలిపిరి. పోలీసులు పోయి చూడగా, చిన్న పడవలలో మనుష్యులు చేపలు పట్టుచుండిరి. రాబిన్సన్ అను పెద్ద పడవ తీరమునకు 7 కిలోమీటర్ల లోపల నుండెను. ఎక్కి వెదకిరి. అడుగున పెద్ద తొట్టిలో సుమారు ఒక టన్ను బ్రదికియున్న చేపలుండెను. వానిలో ముఖ్యమైనవి ఆ దేశమున లాపులాపు అని పిలువబడు జాతివి. లైసెన్సులు సరిగానే యుండెను. హాంగుకాంగు దేశస్థు లిద్దరుండిరి. వారి పాస్‌పోర్టులు నకళ్లు మాత్రమే. పడవను రేవునకు తీసికొనిపోయి కాపలా పెట్టిరి.

ఆనాడు పోలీసులు వ్రాసిన నివేదికలో మోపిన తప్పులు మూడు: మేయరు అనుమతి లేకుండ వేటాడుట, 26 మందికి అనుమతియుండగా 36 మంది యుండుట, విదేశీయులవద్ద అసలు పాస్‌పోర్టులు లేకుండుట. విషమను మాట ఆ నివేదికలో లేదు. పడవనంతయు వెదకినను విషమును దొరకలేదు, దాని పాత్రయు దొరకలేదు. పట్టికలో వ్రాసికొన్న సామానులలో గాలములును వాని త్రాళ్లును ఉండెను.

మరునాడు, అనగా అక్టోబరు 1వ తేదీన, తొట్టిలోనుండి కొన్ని చేపలను పరీక్షకై తెప్పించిరి. పడవ యింజనీరు బ్రదికియున్న చేపలను నీటితోకూడిన ప్లాస్టిక్ సంచిలో పోలీసు ఆఫీసునకు తెచ్చెను. ఇచటినుండి ఉభయుల కథలు వేరగును. పోలీసు అధికారి చెప్పినది: చేపలు నాలుగు, ఇంజనీరు, కెప్టెను ఎదుటనే వానిని నీరు లేని పెద్ద సంచిలోనికి మార్చి, సిగరెట్టు లైటరు వేడిమితో మూతి అంటించితిని. పడవవారు చెప్పినది: పంపినవి అయిదు చేపలు, ఇంజనీరు పోవునప్పటికి ఆఫీసులో పట్టుకొన్న అధికారి లేడు, సంచిని గోడమేకునకు తగిలించి పొమ్మని యొక పోలీసు చెప్పగా అట్లే తగిలించి పది గంటలకు పడవకు తిరిగి వచ్చెను, మధ్యాహ్నము కెప్టెను వచ్చి చూచునప్పటికి సంచిలో నాలుగే యుండెను, బెదరింపునకు లోబడి నాలుగింటికే సంతకము చేసెను.

ఆ చేపలు ఆ రాత్రి ఎనిమిది గంటలకు పరిశోధనశాఖ స్థానిక కార్యాలయమునకు చేరెను. అప్పటికే చచ్చియుండెను. మంచుపెట్టెలో నుంచిరి. మూడు దినములకు ఆ కార్యాలయపు గుమాస్తా తన పరీక్షకై మనీలా పోవుచు వానిని ఓడలో వెంట తీసికొనిపోయెను. 7వ తేదీన రసాయనశాస్త్రజ్ఞురాలు పరీక్షించి, చేపలలో సోడియం సయనైడు అను విషమున్నదని వ్రాసెను. పగడపు సందులలో దాగిన చేపలను బ్రదికియుండగనే పట్టుటకు ఈ విషమును నీటిలో చిమ్ము దురాచారమొకటి గలదు. అందుచే యజమాని, కెప్టెను, జాలరులతో కలిపి 35 మందిపై విషముతో వేటాడిన నేరము మోపబడెను.

తరువాత అదే తొట్టిలోనుండి మరల అయిదు చేపలు తీయబడి అదే శాఖవారి ప్రయోగశాలకు పోయెను. ఈసారి ఫలితము: విషము లేదు.

ఒకే తొట్టి, ఒకే వేట, ఒకే ప్రయోగశాఖ, ఫలితములు రెండు. అయినను 1993లో విచారణ కోర్టు మొదటి పరీక్షనే నమ్మి, 33వ సెక్షను చెప్పిన ఊహను ఆధారము చేసికొని ముద్దాయిలకు శిక్ష విధించెను. తక్కువ పక్షమున ఎనిమిది సంవత్సరముల ఒక దినము. ఎక్కువ పక్షమున తొమ్మిది సంవత్సరముల నాలుగు నెలలు. పడవయు, సామానును, టన్ను చేపలును జప్తు. అప్పీలు కోర్టు దానినే ఖాయపరచెను. ముద్దాయిలు సుప్రీము కోర్టునకు పోయిరి. వారి వాదములలో రెండు గట్టివి: వారంటు లేని సోదాలో దొరకిన చేపలు సాక్ష్యమునకు పనికిరావు; 33వ సెక్షను నేరమును ఊహించుటచే నిర్దోషిత్వపు హక్కును కాలరాచినది.

1996 డిసెంబరు 13వ తేదీని జస్టిస్ పూనో వ్రాసిన తీర్పును చదువుచుండగా నాకు మొదట నిరాశయే కలిగినది. ఏలయన, ఈ రెండు వాదములును ఓడిపోయినవి. సోదా విషయమున కోర్టు టోనీ లెక్స్ తీర్పునే చూపెను: పడవ వేగముగా పారిపోగలదు గనుక వారంటు అక్కరలేదు, చేపలు సాక్ష్యముగా చెల్లును. ఊహ విషయమున ఇట్లు తర్కించెను. శాసనకర్తలు ఒక సంగతి రుజువైనచో దానివలన మరియొక సంగతిని ఊహింపవచ్చునని చట్టము చేయవచ్చును. అయితే ఆ రెండింటికి బుద్ధికి పొసగు సంబంధముండవలెను. విషపు చేపలు పడవలో దొరకుటకును, ఆ పడవవారు విషముతో వేటాడుటకును అట్టి సంబంధమున్నది. కావున సెక్షను రాజ్యాంగమునకు విరుద్ధము కాదు.

కాని తీర్పు అచట ఆగలేదు. ఈ ఊహ తుదిమాట కాదనియు, మొదటి మాట మాత్రమే యనియు కోర్టు చెప్పెను. ముద్దాయి దానిని సాక్ష్యముచే ఖండింపవచ్చును. అతడు చూపిన సాక్ష్యము సమంజసమైన సందేహమును పుట్టించినచో ఊహ కూలిపోవును. అంతట పూర్తి రుజువు భారము ఎప్పటివలె ప్రభుత్వపక్షముమీదనే యుండును. ఊహించుటకు మూలమైన సంగతియే, అనగా చేపలలో విషమున్నదను సంగతియే, ముందు గట్టిగా నిలువవలెను.

అంతట కోర్టు ఆ మూలమును తట్టి చూచెను. పడవలోగాని, జాలరులవద్దగాని, తొట్టిలోగాని విషపు జాడ కనబడలేదు. పోలీసుల సాక్ష్యముననుసరించియే, వారు చూచునప్పటికి జాలరులు గాలములతో చేపలు పట్టుచుండిరి. మొదటి నివేదికలో విషము ప్రస్తావనయే లేదు. మొదటి నాలుగు చేపలు ఎవరి చేతినుండి ఎవరి చేతికి, ఎంతసేపు కాపలా లేకుండ పోయినవో సందేహము తీరలేదు. రెండవ పరీక్షలో విషము లేకపోవుటకు కారణము ప్రభుత్వపక్షమువారు చెప్పలేకపోయిరి. నాలుగు చేపల ఫలితమునుబట్టి టన్ను చేపలు విషముతో పట్టబడినవని నిస్సందేహముగా చెప్పజాలమని కోర్టు తీర్మానించి, ముద్దాయిలను విడుదల చేసెను. పట్టుబడిన దినమునుండి నాలుగు సంవత్సరముల రెండున్నర నెలలు గడచెను.

చట్టము గెలిచినది, ఆ చట్టముక్రింద శిక్షపడినవారును గెలిచిరి. ఇది విచిత్రముగా తోచవచ్చును. నాకు మాత్రము ఇందే న్యాయస్థానపు పని స్పష్టముగా కనబడుచున్నది. చట్టమును కొట్టివేసియున్నచో నిజముగా సీసాలు పేల్చువాడు మందును నీటిలో విడిచి నవ్వుచు పోయియుండును. శిక్షను ఖాయపరచియున్నచో మేకునకు వ్రేలాడిన సంచి యొకటి ముప్పదిమంది బ్రతుకులను తొమ్మిదేండ్లు చెరలో నుంచియుండును.

ఊహతో పనియే లేని వ్యాజ్యము ఒకటి మరుసటి సంవత్సరమే అదే కోర్టుముందుకు వచ్చినది. 1992 జూలైలో లేటే దీవివద్ద సాన్ పెడ్రో అఖాతమున కాపలా తిరుగు మత్స్యరక్షకులు తమ కన్నులతో చూచిరి: పడవలోనివా డొకడు సీసాను నీటిలోనికి విసరెను, అది పేలెను, పడవలోనివారు దుమికి చేపలతో పైకి వచ్చిరి. దొరకినవాడు తాను చేయలేదని చెప్పెను. 1997 ఏప్రిల్‌లో కోర్టు ప్రత్యక్షసాక్షులను నమ్మి శిక్షను ఖాయపరచెను. ఇరువది సంవత్సరములనుండి యావజ్జీవము. సాక్షి చూచినచోట వాదమునకు ఎక్కువ తావు లేదు.

1998లో ఫిలిప్పీను వారు పాత డిక్రీని తీసి క్రొత్త మత్స్య చట్టమును చేసిరి. అందులోను ఊహ నియమమున్నది. కాని అది ప్రథమదృష్టి సాక్ష్యము మాత్రమేయని స్పష్టముగా వ్రాసిరి. మన 1897 చట్టపు 4వ సెక్షను వేరు త్రోవ త్రొక్కినది: పేలుడు పదార్థమును ఉపయోగించుట, చేపలను పట్టవలెను లేక చంపవలెనను ఉద్దేశము, ఈ రెండును నేరములోని భాగములే. అయితే 1908వ సంవత్సరపు పేలుడు పదార్థముల చట్టములోని 5వ సెక్షను, సందేహము కలిగించు పరిస్థితులలో తెలిసి పేలుడు పదార్థమును దగ్గర నుంచుకొన్నవాడు, అది న్యాయమైన పనికే యని తానే చూపవలెనని విధించినది. ఊతకోల మన యింటిలోను గలదన్నమాట.

ఈ సంగతులన్నియు తరగతిలో చెప్పితిని. నాలుగు గంపల మనుష్యుని విషయమున ఇట్లంటిని: పేలుడుచే చచ్చిన చేపలు పడవలో నుండుట వానికి విరుద్ధముగా బలమైన సాక్ష్యమే, కోసి చూచిన అధికారికి పగిలిన గాలితిత్తులు కనబడును, అచటి చట్టమైనచో నేరమును ఊహించును. కాని పడవలో మందు లేకుండుట, వలయు గాలములు తడిసియుండుట, తాను ఎప్పుడు రేవు విడిచినది తోటివారు చెప్పుట, ఇవన్నియు వాని మాటకు ప్రాణములు. వానిని విని తూచుటకే జడ్జి యున్నాడు.

విద్యార్థి కొంతసేపు ఆలోచించెను. చట్టపు సంగతి కంటె మేకునకు తగిలించిన సంచియే యతని మనస్సున నాటియున్నట్లు తోచెను. "మాస్టరుగారూ, మా నాయన అయితే అయిదు చేపలిచ్చి నాలుగింటికి సంతకము పెట్టడు" అనెను.

తుపాకి ఎదుటనో అని నేనడిగితిని.

"అప్పుడు పెట్టును," అని ఒప్పుకొనెను, "కాని బయటికి వచ్చిన వెంటనే అయిదని పదిమందితో చెప్పును."